ఎవరూ పాడనివ్వని చరణం

నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్లో అందరూ ఈ మాట అంటారు, నేనూ కాదనను. కోపం నాకు కొత్తేమీ కాదు గానీ, ఇంకొకరి కోపం చూసి చేతులెత్తి దండం పెట్టాలని అనిపించింది మాత్రం జీవితంలో ఒక్కసారే. ఆవిడది ఐర్లండ్. ఒకప్పుడు పెద్ద గాయని. నాకు పరిచయమయ్యేనాటికి అరవై దాటాయి. అరిజోనా ఎండల్లో, చాండ్లర్‌లో, మా అపార్ట్‌మెంట్ల వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. అప్పటికి ఆవిడకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. తను కట్టుకున్న ఒక పాటను ఒక్కసారైనా జనం ముందు చివరిదాకా పాడాలి.

ఇది రెండు వేల ఆరు, ఏడు ప్రాంతాల సంగతి. మా ఆయనకు కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఉద్యోగం, నాకు హెచ్-ఫోర్ వీసా. అంటే భార్య వీసా. తినొచ్చు, పడుకోవచ్చు, కారు డ్రైవ్ చేయొచ్చు, కావలసినన్ని కూపన్లు కత్తిరించుకోవచ్చు. జీతానికి పని మాత్రం చేయకూడదు. నేనేమో విజయవాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, పాటలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేసి వచ్చినదాన్ని. ఇక్కడికొచ్చాక నా చేతికి పోపు గరిటె తప్ప ఏ పనిముట్టూ దొరకలేదు. ఒళ్ళు మండిపోయేది. ఆ మంటంతా మా ఆయన మీద పడేది, పాపం.

జీతం లేకుండా చేస్తే ఎవరూ ఏమీ అనరు కదా అని అలాంటి పనులు వెతుక్కున్నాను. మొదటిది తెలుగు సంఘంలో దొరికింది. ఒక ఉగాదికి హైస్కూలు ఆడిటోరియంలో మైకు కుయ్యిమని కూతపెడుతుంటే, సౌండ్ చూసేవాళ్ళు బోర్డు మీద కనిపించిందల్లా తిప్పేస్తుంటే, చూడలేక లేచి వెళ్ళి, జరగండి బాబూ అని కూర్చున్నాను. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఏ తెలుగు ఫంక్షన్ అయినా సౌండ్ బోర్డు దగ్గర నేనే. రెండోది ఇంటికి దగ్గర్లో ఉన్న సీనియర్ సెంటర్. పెద్దవాళ్ళు పొద్దున్నే వచ్చి పేకాడుకుని, మధ్యాహ్నం భోంచేసి వెళ్ళే చోటది. శుక్రవారం భోజనాల వేళ ఎవరికి పాడాలనిపిస్తే వాళ్ళు పాడొచ్చు. వాళ్ళకు మైకు ఇవ్వడం, మళ్ళీ తీసుకోవడం నా పని.

చేరిన రోజే అక్కడి మేనేజరమ్మ నన్ను పక్కకు పిలిచింది. కిటికీ దగ్గర ఎర్ర స్వెటర్ వేసుకుని కూర్చున్న ఒకావిడను చూపించి, ఆవిడకు మాత్రం మైకు ఇవ్వొద్దంది. ఏం, పాడదా అని అడిగాను. పాడుతుంది, చాలా బాగా పాడుతుంది, కానీ పాటకు ముందు మాట్లాడుతుంది, చిక్కంతా ఆ మాటలతోనే అంది. క్రితం నెల యుద్ధం గురించి ఏదో అంటే ఒక ముసలాయన పళ్ళెం తోసేసి లేచిపోయాడట. అంతకు ముందు చర్చి పెద్దల గురించి అంటే కంప్లయింట్లు వచ్చాయట.

నాకు ఫలానాది చేయొద్దంటే అదే చేయబుద్ధి అవుతుంది. కానీ కొత్త చోటు కదా అని నోరు కట్టేసుకున్నాను. నేను ఊరుకున్నా ఆవిడ ఊరుకుంటేనా! భోజనాలు మొదలవగానే నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నా చేతికి మైకు అందకుండా చూసే మనిషివి నువ్వేనా, పిల్లా?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను. ఆవిడ నవ్వింది. పోనీలే, అడిగితే చెప్పావు అంటూ బల్లల మధ్యకు వెళ్ళి, ఒక కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి, ఏ మైకూ లేకుండా పాడటం మొదలుపెట్టింది.

గొంతులు వినడం నా వృత్తి. ఎవరు ఎక్కడ శ్వాస తీసుకుంటున్నారు, ఎక్కడ స్వరాన్ని దొంగతనంగా మింగేస్తున్నారు, ఇవన్నీ నాకు తెలుస్తాయి. ఈ గొంతు వయసు మీద పడి బొంగురుపోయింది. అక్కడక్కడా చీలిపోతోంది.  అయినా ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. ఐస్ మెషీన్ గుర్రుమనడం ఒక్కటే వినిపిస్తోంది. ఆ గొంతులో ఎవరినీ బతిమాలుకోవడం లేదు. ఇదిగో ఇది నా సంగతి, వింటే వినండి అన్నట్టుంది. పాట అయ్యాక ఆవిడ తన సూపు తను తాగేసింది. మేనేజరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. వచ్చే వారం మైకు ఇవ్వొచ్చా అని అడిగితే మాత్రం, వద్దనే అంది.

ఆ మధ్యాహ్నమే ఆవిడను టీకి పిలిచాను. వేడినీళ్ళలో సంచీ ముంచి ఇచ్చే టీ తాగి తాగి విసిగిపోయిన మనిషి, నేను పాలు పోసి మరిగించిన టీ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. వాళ్ళ ఊళ్ళో కూడా టీ అంటే చిక్కగా ఉండాలట. ఇక మా వంటింట్లో ఒక కుర్చీ ఆవిడదైపోయింది. పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిడను పేరు పెట్టి ఎలా పిలుస్తాను? మేడమ్ అంటే కసురుకుంది. చివరికి ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుకునేవాళ్ళం.

ఆవిడ కథ నాకు ఒక్కరోజులో తెలియలేదు. నేను బెండకాయలు తరుగుతుంటే కొంత, బట్టలు మడతపెడుతుంటే కొంత చెప్పేది. సముద్రం ఒడ్డున, ఎప్పుడూ వాన కురిసే ఊరు. తండ్రికి చేపల పడవ. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ పాడేవారు. అసలు గొంతు అక్కదట. అక్క పాడుతుంటే తను వెనక నుంచి అందుకునేదట, అంతే.

ఆ అక్కకు పెళ్ళి కాకుండా కడుపొచ్చింది. ఆ రోజుల్లో అక్కడ అలాంటి ఆడపిల్లలను దాచిపెట్టడానికి సన్యాసినులు నడిపే ఇళ్ళుండేవి. కన్నవాళ్ళే తీసుకెళ్ళి అప్పగించి వచ్చేవారు. పొద్దస్తమానం ఊరి బట్టలు ఉతికించేవారు. బిడ్డ పుట్టాక తల్లి ఒళ్ళోంచి తీసుకెళ్ళి, అమెరికాలో పిల్లల్లేని వాళ్ళకు పంపించేసేవారు. అక్క బిడ్డ కూడా అలాగే వెళ్ళిపోయింది. ఆడపిల్లో మగపిల్లాడో కూడా వీళ్ళకు చెప్పలేదు. అక్క ఆ ఇంట్లోంచి మళ్ళీ బయటికి రాలేదు, అక్కడే పోయింది. తండ్రి గోడ మీద అక్క ఫోటో తీసేసి, ఈ గడప లోపల దాని పేరు ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఎవరూ ఎత్తలేదు. కన్నతల్లి కూడా.

ఈ మాట వింటున్నప్పుడు నా చేతిలో కూరగాయల కత్తి ఉంది. కాసేపు పక్కన పెట్టేశాను.

చెల్లెలు ఇల్లొదిలి డబ్లిన్ వెళ్ళింది. డ్యాన్సు హాళ్ళలో పాడింది, రికార్డులిచ్చింది. పేరొచ్చింది, గోడల మీద బొమ్మలు పడ్డాయి, వీధిలో నడిస్తే జనం మూగేవారు. అంత పేరొచ్చాక అప్పుడు అక్క మీద పాట కట్టింది. అందులో ముందు ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక దుప్పటి కింద పడుకుని పాడుకోవడం ఉంటుంది. తర్వాత ఆ ఇల్లు, ఆ బట్టలు, అవి ఉడికే ఆవిరి. తర్వాత బిడ్డను తీసుకుపోవడం. అక్కడ పాట ఆగుతుంది. కాసేపు ఏమీ ఉండదు. ఆ నిశ్శబ్దం తర్వాత చివరి చరణంలో అక్క పేరు పెట్టి, ఎక్కడో ఉన్న ఆ బిడ్డను పిలుస్తుంది. ఇదీ మీ అమ్మ పేరు, నేను మీ అమ్మ చెల్లెల్ని, నీ కోసం చూస్తున్నాను అని.

ఆ చివరి చరణాన్ని ఎవరూ పాడనివ్వలేదు. రికార్డు కంపెనీ వాళ్ళు అది కత్తిరించి విడుదల చేశారు. ఒళ్ళు మండి టీవీలో లైవ్‌లో పాడబోతే, సరిగ్గా ఆ నిశ్శబ్దం దగ్గర ప్రకటనలు వేసేశారు. సొంత దేశంలో పెద్ద హాల్లో పాడితే తెర దింపేశారు. ఈవిడ తెర ముందుకొచ్చి నిలబడితే బ్యాండు వాళ్ళ చేత మోత మోగించారు. అమెరికాలో ఎవరికీ పట్టదులే అనుకుని ఇక్కడ టూర్‌లో పాడితే, ఒక క్లబ్బు యజమాని కరెంటు తీసేశాడు, వచ్చినవాళ్ళు బాధపడుతున్నారని. ప్రతిసారీ ఆవిడ ఊరుకోలేదు. పేపర్ల వాళ్ళ ముందు పేర్లు పెట్టి మరీ కడిగేసింది. వాళ్ళు ఈవిడను గయ్యాళి అన్నారు, పిచ్చిదన్నారు. రేడియోలో ఆవిడ పాటలన్నీ ఆగిపోయాయి. ఆ తర్వాత ఓడల్లో, హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో పాడి పొట్ట పోసుకుంది. ఊపిరితిత్తులకు పొడి గాలి మంచిదని డాక్టర్లు అంటే చాండ్లర్ చేరింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆ ఇళ్ళ బాగోతమంతా వాళ్ళ దేశంలో బయటపడింది. ఆవిడ అన్నదంతా నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. ఆవిడకు ఫోన్ చేసి ఆ ముక్క చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అయ్య బాబోయ్ అనిపించింది నాకు. నా కోపం ఎంతని? ఇండియన్ స్టోర్‌లో ముదురు దొండకాయలు అంటగట్టాడని పోట్లాడతాను. ఇంటికొచ్చి, అయ్యో అంత మాట అన్నానే అని కుమిలిపోతాను. ఈవిడ ఒక దేశాన్నే నిలదీసింది. సర్వం పోగొట్టుకుంది. ఇంకా వెన్ను నిటారుగా పెట్టుకుని నా వంటింట్లో బిస్కెట్లు నములుతోంది. మీకు భయం వేయలేదా అని అడిగాను.

"ఎందుకు వేయదు? భయం వేస్తే నోరు మూసుకోవాలని చాలామంది నేర్పబోయారు. అదొక్కటీ నాకు ఒంటపట్టలేదు," అంది.

ఆ ఎండాకాలం చివర్లో ఆవిడ గొంతులో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేయాల్సిందేనన్నారు. దీపావళి వెళ్ళిన వారానికి డేట్ ఇచ్చారు. మాట వస్తుంది, పాట సంగతి మాత్రం చెప్పలేం అన్నాడట డాక్టరు. ఆవిడకు ఏడుపు రాలేదు గానీ తొందర పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు పాడతాలే అనుకుంటూ వచ్చింది. ఇక ఆ ఎప్పుడో లేదు. ఆపరేషన్ లోపల ఆ పాట చివరిదాకా పాడాలి, అదీ నలుగురి ముందు.

దగ్గర్లో ఐరిష్ వాళ్ళ క్లబ్బు ఒకటి ఉంటే అక్కడ అడిగింది. మీరు రావడం మా అదృష్టం అన్నారట, పాత హిట్లన్నీ పాడమన్నారట, ఆ ఒక్క పాట మాత్రం వద్దన్నారట. పిల్లాపాపలతో వస్తాం కదా, సరదాగా ఉండాలి అన్నారట. సీనియర్ సెంటర్లో నేను అడిగాను. మేనేజరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ సంగతి చెప్పినప్పుడు ఆవిడ అగ్గి మీద గుగ్గిలమవుతుందనుకున్నాను.  లేచి కప్పు కడిగి బోర్లించి, వెళ్ళొస్తానంది. తిట్టి ఉంటే బాగుండేది. నోరున్న మనిషి అలా నోరు లేకుండా వెళ్ళిపోతుంటే చూడలేకపోయాను. నా కడుపు మండింది.

వెంటనే మా తెలుగు సంఘం కల్చరల్ సెక్రటరీకి ఫోన్ చేశాను. వరంగల్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, మంచివాడు. దీపావళి ప్రోగ్రామ్‌లో ఒక ఐరిష్ గాయనికి చోటివ్వాలని చెప్పాను. అతను ఎగిరి గంతేశాడు.

"ఇంటర్నేషనల్ ఆర్టిస్టా? మన స్టేజ్ మీదనా? ఫ్లయర్‌లో ఫోటో ఏద్దాం అక్కా. ఇంతకీ ఏం పాట పాడ్తది?"

"వాళ్ళక్క మీద పాట."

"సిస్టర్ సెంటిమెంటు. మంచిగుంటది. డిన్నర్‌కి ముందు స్లాట్ ఇస్త."

ఆవిడ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. మీ పండగలో నా ఏడుపెందుకు అంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మావాళ్ళు కుదురుగా కూర్చోరు. మాట్లాడుకుంటారు, పిల్లలు పరిగెడతారు, వెనక కారా బూందీ ప్యాకెట్లు చప్పుడవుతుంటాయి. కానీ మిమ్మల్ని ఎవరూ ఆపరు, అది నా పూచీ అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో! ఆవిడ ఆలోచించింది. ఆ బిడ్డ మీ హాల్లో ఉండే అవకాశం లేదని నాకూ తెలుసు, అయినా ఒక్కసారి ఆ పేరు నా నోటితో బయటికి వెళ్ళాలి, తర్వాత ఎటు పోతే అటు పోనీ అంది.

దీపావళి శనివారం పొద్దున ఖాళీ ఆడిటోరియంలో మైకు చూసుకున్నాం. మావాళ్ళెవరు పాడినా ఎకో పెట్టమని అడుగుతారు కదా, ఆ అలవాటు కొద్దీ కొంచెం పెట్టాను. ఒక ముక్క పాడి ఆగి, ఆ రెండో మనిషిని బయటికి పంపించేయమంది. ఎకో తీసేశాను. పాటలో మధ్యన వచ్చే నిశ్శబ్దం గురించి సెక్రటరీకి ముందే చెప్పాను. పాట ఇంకా ఉంటుంది, తొందరపడొద్దన్నాను. అతను చేతిలో వాకీటాకీ, చంకలో లడ్డూల పెట్టె, సరే సరే అక్కా అన్నాడు. ఎక్కడ వింటాడు, ఆ హడావుడిలో!

నాలుగింటికి అన్న ప్రోగ్రామ్ ఐదున్నరకు మొదలైంది. చిన్నపిల్లలు సినిమా పాటలకు డాన్సులు చేశారు. ఒక రియల్ ఎస్టేట్ స్పాన్సర్‌గారు ఇళ్ళ ధరల గురించి ఉపన్యాసం ఇచ్చారు. యాంకరింగ్ హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, లంగా ఓణీ కింద స్నీకర్స్ వేసుకుంది. చేతిలో కార్డులు చూసుకుంటూ, "నమస్కారమ్ అండీ, నెక్స్ట్ ఐటమ్..." అని అమెరికన్ యాసలో గడగడా చెప్పేస్తోంది. ఆవిడ హాలు వెనక బోర్డు దగ్గర నా పక్కనే కూర్చుని అంతా కళ్ళింత చేసుకుని చూసింది. తన వంతు వచ్చేసరికి నా భుజం నొక్కి లేచింది.

స్టేజి మీద ఒక్క దీపం వేయించాను. ఆవిడ ముందుగా ఏమీ మాట్లాడలేదు. మైకు దొరికితే మాట్లాడకుండా ఉండలేని మనిషి, ఉన్న ఊపిరంతా పాటకే దాచుకుంది. మొదటి చరణంలో హాలు గోలగానే ఉంది. రెండో చరణానికి ముందు వరసలు సద్దుమణిగాయి. ఆ యాస మా పెద్దవాళ్ళకు సగం అందలేదు. కానీ గొంతు అందుతోంది. ఎవరో పిల్లలను ష్ష్ అంటున్నారు. డాన్సు డ్రెస్సుల్లో ఉన్న పిల్లలు స్టేజి పక్క తెరలోంచి ఒక్కొక్కరే తొంగి చూస్తున్నారు. వాళ్ళకు ఆ ఇంగ్లీషు మాకంటే బాగా తెలుస్తోంది. నేను శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద వేలు పెట్టి కూర్చున్నాను గానీ, జరపాల్సిన అవసరమే రాలేదు. అంత పెద్ద హాలునీ ఆవిడ ఆ పాడైపోయిన గొంతుతో తనే పట్టుకుంది. 

బిడ్డను తీసుకుపోయే చోటుకు వచ్చింది. పాడింది. ఆగింది.

మావాళ్ళ మంచితనం సంగతి ఇక్కడ చెప్పాలి. మా స్టేజి మీద ఏ పిల్లో పాట మరిచిపోయి నిలబడిపోతే, ఆ పిల్ల చిన్నబుచ్చుకోకూడదని హాలంతా చప్పట్లు కొట్టేస్తుంది. పాపం పెద్దావిడ, మాటలు మరిచిపోయింది అనుకున్నారు. ఎవరో మొదలుపెట్టారు, క్షణంలో హాలు మారుమోగిపోయింది. ఈలలు కూడా. అది చాలనట్టు సెక్రటరీ శాలువా పట్టుకుని స్టేజెక్కాడు. వెనకాల జ్ఞాపిక పట్టుకుని ఒకరు, పూలగుత్తి పట్టుకుని ఇంకొకరు. ఆవిడ భుజాల చుట్టూ జరీ శాలువా కప్పేశారు, చేతుల్లో పూలు పెట్టేశారు. సెక్రటరీ స్టాండులోంచి మైకు తీసుకుని, మన చాండ్లర్ తెలుగు కుటుంబం తరఫున అంటూ అందుకున్నాడు.

 టీవీ వాళ్ళు ఆపారు, తెర వేసినవాళ్ళు ఆపారు, కరెంటు తీసినవాడు ఆపాడు. వాళ్ళందరూ ఇష్టం లేక ఆపారు. మావాళ్ళు ప్రేమతో ఆపేశారు. సరిగ్గా అదే చోట. ఆవిడ మొహం చూశాను. అందులో కోపం లేదు. పూలగుత్తి వైపు తల వంచి నిలబడింది, ఇక ఇంతేలే అన్నట్టు. ఆ మొహం చూశాక నాకు ఏమైందో తెలియదు. సెక్రటరీ చేతిలోని మైకు ఫేడర్ అట్టడుక్కి లాగేశాను. అతను హలో హలో అంటూ మైకు తట్టి, చూపు బోర్డు వైపు తిప్పాడు. నా దగ్గరున్న మైకు ఆన్ చేశాను.

"పాట అయిపోలేదండీ. ఆవిడ మరిచిపోలేదు. చివరి చరణం ఉంది. ఇప్పటిదాకా ఏ దేశంలోనూ ఎవరూ ఆవిడను అది పాడనివ్వలేదు. దయచేసి కూర్చుని వినండి."

 అందరి తలలూ వెనక్కి తిరిగాయి. సెక్రటరీ మొహం ఎర్రబడింది. కానీ ముందే చెప్పాను కదా, మంచివాడు. మైకు మళ్ళీ స్టాండులో పెట్టి, ఆవిడ నోటికి అందేలా సరిచేసి, పూలగుత్తి తను తీసుకుని, చెప్పులు చప్పుడు కాకుండా దిగిపోయి ముందు వరసలో కూర్చున్నాడు. నేను ఆవిడ మైకు పైకి తెచ్చి, బోర్డు మీంచి రెండు చేతులూ తీసేశాను.

ఆ మరుసటి వారం ఆపరేషన్ అయింది. డాక్టరు అన్నట్టే మాట మిగిలింది, పాట మిగల్లేదు. ఈనాటికీ ఫోన్ చేస్తే గంటసేపు ఎవరినో ఒకరిని దులిపేస్తుంది గానీ, ఒక్క రాగం తీయలేదు. అంటే ఆ సాయంత్రం మేము విన్నది ఆవిడ చివరి పాట.

ఆ చివరి చరణం జరీ శాలువా అలాగే కప్పుకుని, కళ్ళు తెరుచుకుని పాడింది. అక్క పేరు వచ్చింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను, అది నేను చెప్పేది కాదు. ఒకసారి మెల్లగా పలికింది. రెండోసారి, ఇంటి గుమ్మంలో నిలబడి పొలంలో ఉన్న మనిషిని కేకేసినట్టు, గొంతెత్తి పాడింది. ఆ గొంతు చీలింది, అయినా ఆవిడ వదల్లేదు, ఆ చీలిన గొంతుతోనే పైకి వెళ్ళింది. తండ్రి గడప లోపల ఎత్తకూడదన్న పేరు మా హైస్కూలు ఆడిటోరియం కప్పు దాకా వెళ్ళింది. తర్వాత ఆ బిడ్డను పిలిచింది. నేను మీ అమ్మ చెల్లెల్ని అని. నీ కోసం చూస్తున్నాను అని. నేను చూసిన మనుషుల్లో అంత పెద్ద మనిషి లేదు. నోరు తెరుచుకుని, ఏడుస్తూ వింటున్నాను. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియదు.

అయిపోయింది. ఈసారి చప్పట్లు కొట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇంకా ఉందేమోనని హాలంతా బిగుసుకుని కూర్చుంది. తర్వాతి ఐటమ్ చెప్పాల్సిన యాంకర్ అమ్మాయి స్టేజి మధ్యకు వచ్చింది గానీ, చేతిలో కార్డు చూడలేదు. దాని కళ్ళనిండా నీళ్ళు. అది పాట మొత్తం అర్థం చేసుకుంది, ప్రతి మాటా. ఇక్కడ పెరిగిన మా పిల్లలు కనిపించిన పెద్దవాళ్ళందరినీ ఎలా పిలుస్తారో అలాగే పిలిచి అడిగింది. దాని మైకు ఆన్‌లో ఉంది, అందరికీ వినిపించింది.

"ఆంటీ, మరి ఆ బేబీకి తెలిసిందా?"

ఆవిడ ఆ పిల్ల వైపు తిరిగి, చాలాసేపు దాని మొహంలోకి చూసింది.

"ఇంకా లేదమ్మా," అంది. "నన్ను ఆంటీ అని పిలిచింది నువ్వే మొదలు."